భూతాపానికి కారణం మనమేనా? శాస్త్రవేత్తలే ముందుగా అడిగిన సందేహాలు

భూగోళం వేడెక్కడానికి మనుషులు గాలిలోకి వదులుతున్న కార్బన్ డయాక్సైడే ప్రధాన కారణమన్న మాటను నమ్మనివాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, బాగా చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. వాళ్ల ప్రశ్నలను ఎగతాళి చేసి తోసేయడం తేలికే గానీ, అలా తోసేసేవాళ్లలో చాలామంది దగ్గర వాటికి జవాబు ఉండదు. గాలిలోని పదివేల అణువుల్లో నాలుగంటే నాలుగు మాత్రమే ఉన్న వాయువు భూమినంతటినీ ఎలా వేడెక్కించగలదు? మంచుయుగాలు వచ్చిపోయినప్పుడు ఫ్యాక్టరీలు ఎక్కడున్నాయి? వేడినిచ్చే సూర్యుణ్ణి వదిలేసి పొగగొట్టాలను పట్టుకోవడం ఏమిటి? రెంటచింతలలో, రామగుండంలో ఎండలు మండిపోవడం మన తాతల కాలంలో మాత్రం లేదా? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. అయితే వీటిలో ముఖ్యమైనవాటిని మొదట అడిగింది ఆ రంగంలోని శాస్త్రవేత్తలే. ఒక ప్రశ్నకు సరైన జవాబు దొరకనందువల్ల ఈ సిద్ధాంతం దాదాపు అర్ధశతాబ్దం పాటు మూలన పడి ఉందన్న సంగతి సందేహవాదులకూ, సమర్థకులకూ కూడా పెద్దగా తెలియదు.

ఈ చర్చ ఎందుకు చిక్కుపడుతుందంటే, మూడు వేర్వేరు విషయాలు ఇందులో ఒకే ముద్దగా కలిసిపోతాయి. భూమి నిజంగా వేడెక్కుతున్నదా అన్నది ఒకటి. ఆ వేడికి కార్బన్ డయాక్సైడ్ కారణమా అన్నది మరొకటి. గాలిలో పెరిగిన ఆ వాయువు మనం వదిలిందేనా అన్నది మూడోది. ఒకదాని మీద సందేహం వచ్చినప్పుడు దానికి జవాబు చెబితే, చర్చ ఇంకోదాని మీదికి జారుకుంటుంది. అందుకని విడివిడిగానే చూడాలి. మొదటిదాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అసలు పీటముడి రెండోదానిలో ఉంది.

సూర్యకాంతి నేలను తాకి వేడి చేస్తుంది. ఆ వేడిని భూమి కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా తిరిగి అంతరిక్షంలోకి పంపుతుంది. గాలిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లున్న నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు ఈ కిరణాలను దాదాపుగా పట్టించుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి కొద్దిపాటి వాయువులే వాటిని పీల్చుకుంటాయి. కాబట్టి 'పదివేలకు నాలుగు' అన్న లెక్క వినడానికి గట్టి వాదనలా ఉన్నా, ఈ పనిలో అసలు పాలే పంచుకోని అణువులను కూడా కలిపి చేసిన లెక్క అది. అమెరికాలో యూనిస్ ఫుట్ 1856లో గాజు గొట్టాలను ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం మామూలు గాలి ఉన్నదానికంటే ఎక్కువగా వేడెక్కుతుందని గమనించింది. బ్రిటన్‌లో జాన్ టిండాల్ 1859 నుంచి చేసిన ప్రయోగాల్లో ఏ వాయువు ఎంత వేడిని పీల్చుకుంటుందో కొలిచాడు. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్, మంచుయుగాలు ఎందుకు వచ్చాయో తేల్చాలని కూర్చుని, 1896లో ఒక పెద్ద లెక్క వేశాడు: గాలిలో ఈ వాయువు రెట్టింపైతే భూమి సగటు ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరుగుతుందని ఆయనకు తేలింది. చలిదేశంవాడు కాబట్టి అదేదో మంచిదే అనుకున్నాడు కూడా.

ఆయన మీద మొదటి గట్టి దెబ్బ స్వదేశం నుంచే పడింది. క్నూట్ ఆంగ్‌స్ట్రామ్ అనే భౌతిక శాస్త్రవేత్త (కాంతి తరంగాల కొలతకు పేరిచ్చిన ఆంగ్‌స్ట్రామ్ కొడుకే) తన సహాయకుడి చేత 1900లో ఒక ప్రయోగం చేయించాడు. 30 సెంటీమీటర్ల గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ నింపి, దాని గుండా పరారుణ కిరణాలను పంపి, ఆ తర్వాత వాయువును మూడో వంతు తగ్గించి మళ్లీ కొలిచారు. అవతలికి చేరిన కిరణాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. అంటే ఈ వాయువు పీల్చుకోవలసినదంతా కొద్దిపాటి మోతాదుతోనే పీల్చుకుంటున్నది, ఇంకా కలిపినా కొత్తగా పీల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు అని అర్థం చేసుకున్నారు. పైగా నీటి ఆవిరి కూడా చాలావరకు అవే తరంగదైర్ఘ్యాల్లో పనిచేస్తుంది కదా! ఈ వాదన అప్పటి వాతావరణ శాస్త్రజ్ఞుల్లో చాలామందికి నచ్చింది. అర్హీనియస్ లెక్క పుస్తకాల్లో ఒక వింతగా మిగిలిపోయింది. 'కార్బన్ డయాక్సైడ్ ప్రభావం ఎప్పుడో నిండిపోయింది, ఇక పెరిగినా ఒరిగేదేమీ లేదు' అని నేడు వినిపించే మాట ఈ 1900 నాటి ప్రయోగానికి మనవడే.

ప్రయోగంలో పెద్ద దోషం లేదు. దాని నుంచి లాగిన తీర్పులోనే పొరపాటు ఉంది, ఎందుకంటే గాలిపొర ఒక గొట్టం కాదు. నేల నుంచి బయల్దేరిన పరారుణ కిరణం తిన్నగా అంతరిక్షంలోకి పోదు. దారిలో ఒక అణువు దాన్ని పీల్చుకుని ఆ వేడిని చుట్టూ ఉన్న గాలికి పంచుతుంది, ఆ గాలి మళ్లీ అన్ని దిక్కులకూ కిరణాలను వెదజల్లుతుంది, వాటిని పైనున్న మరో పొర పీల్చుకుంటుంది. అలా మెట్టుమెట్టుగా పైకి పోయి, ఇక తలమీద అడ్డుకునేంత వాయువు లేని ఎత్తుకు చేరాకే ఆ వేడి భూమిని విడిచిపోతుంది. సగటున ఈ ఎత్తు నేలకు ఐదు కిలోమీటర్ల పైచిలుకు. కిందిపొరలో పీల్చుకోవడం పూర్తిగా నిండిపోయినా సరే, గాలి పలచబడే ఆ పైభాగంలో అది నిండదు; అక్కడ నీటి ఆవిరి కూడా బాగా తక్కువ. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వేడి బయటపడే ఎత్తు మరికాస్త పైకి జరుగుతుంది. పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది గనుక, ఆ కొత్త ఎత్తులోని చల్లని గాలి మునుపటికంటే తక్కువ వేడిని బయటకు పంపుతుంది. సూర్యుడి నుంచి వచ్చేది మాత్రం తగ్గలేదు. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ అయినప్పుడు, రెండూ మళ్లీ సమానమయ్యేదాకా కింది పొరలూ నేలా వేడెక్కక తప్పదు.

ఈ వివరణ తేలడానికి రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కాలం దాకా ఆగవలసి వచ్చింది. పలచటి గాలిలో పరారుణ కిరణాలు ఎలా ప్రవర్తిస్తాయో అమెరికా సైనిక పరిశోధనలు కొలిచాయి. అప్పుడే వచ్చిన కంప్యూటర్లతో గిల్బర్ట్ ప్లాస్ 1956లో పొరలు పొరలుగా లెక్కగట్టి, ఆంగ్‌స్ట్రామ్ వాదన నిలబడదని చూపించాడు. 'నిండిపోవడం' అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు: వాయువు పెరిగేకొద్దీ ప్రతి అదనపు టన్ను చేసే పని తగ్గుతూ వస్తుంది, అందుకే శాస్త్రవేత్తలు దాన్ని రెట్టింపుల లెక్కలో చెబుతారు. గాలిలోని పది లక్షల అణువుల్లో దీని వాటా 280 నుంచి 560కి పెరిగితే ఎంత ప్రభావమో, 560 నుంచి 1120కి పెరిగితే అంతే. తగ్గుతూ వస్తుంది, ఆగిపోదు.

లెక్కలు సరే, కొలిచారా అని అడిగితే, కొలిచారు. 1970లో ఒక ఉపగ్రహం, 1996-97లో మరొక ఉపగ్రహం భూమి నుంచి బయటకు పోయే పరారుణ కిరణాలను కొలిచాయి. ఆ రెండు కొలతలనూ పోల్చి 2001లో ప్రచురించిన పరిశోధనలో, సరిగ్గా కార్బన్ డయాక్సైడూ మీథేనూ పీల్చుకునే తరంగదైర్ఘ్యాల దగ్గరే బయటకు పోయే వేడి తగ్గినట్టు తేలింది. కింద నేల మీద నుంచి పైకి చూస్తూ అమెరికాలోని ఓక్లహామా, అలాస్కాలలో 2000 నుంచి 2010 వరకు చేసిన కొలతల్లో, ఈ వాయువు వల్ల కిందికి తిరిగివచ్చే వేడి చదరపు మీటరుకు దశాబ్దానికి 0.2 వాట్ల చొప్పున పెరిగింది.

ఇక గాలిలో పెరిగిన వాయువు ఎవరిది? 1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండమీద కొలతలు మొదలుపెట్టినప్పుడు అది పది లక్షల అణువులకు సుమారు 313. పరిశ్రమల యుగానికి ముందు దాదాపు 280 ఉండేదని, ఎనిమిది లక్షల ఏళ్లలో ఎన్నడూ 300 దాటలేదని అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలిబుడగలు చెబుతున్నాయి. 2024 సగటు 420 దాటింది. ఈ అంకెల మీద పెద్ద తగాదా లేదు. అగ్నిపర్వతాలూ సముద్రాలూ మనకంటే ఎంతో ఎక్కువ వదులుతాయి కదా అన్నదే ప్రశ్న.

అగ్నిపర్వతాల విషయంలో ఆ మాట పొరపాటు. అవి ఏడాదికి వదిలేది బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు కలిసి వదిలే సుమారు 3,700 కోట్ల టన్నుల్లో నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. సముద్రాలు, అడవుల విషయంలో అది నిజమే: అవి ఏటా మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వాయువును వదులుతాయి, కానీ అంతకు మించి తిరిగి పీల్చుకుంటాయి. మనం వదిలినదానిలో సగానికి కాస్త అటూఇటుగా మాత్రమే గాలిలో మిగులుతున్నది. నెలకు పదివేలు బ్యాంకులో వేస్తున్న మనిషి ఉమ్మడి ఖాతాలో నెలాఖరుకు ఐదువేలే పెరిగిందంటే, మిగతావాళ్లు తీసుకుంటున్నారనే అర్థం. ఆ పెరిగిన ఐదువేలూ వాళ్లు వేసినవేనని ఎంత లావాదేవీలు చూపించినా చెల్లదు. సముద్రంలోని కార్బన్ తగ్గకపోగా పెరుగుతూ ఉండటం, దానితోపాటు నీటి ఆమ్లత్వం పెరగడం కూడా ఇదే చెబుతున్నాయి.

ఇంకా సూటి సాక్ష్యం కార్బన్ పరమాణువులోనే ఉంది. ప్రకృతిలో కార్బన్ మూడు రకాలుగా దొరుకుతుంది: తేలికైన కార్బన్-12, కాస్త బరువైన కార్బన్-13, అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల తాకిడికి గాలిలో పైన పుట్టి 5,730 ఏళ్లకు సగం చొప్పున నశించే కార్బన్-14. మొక్కలు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటాయి కాబట్టి వాటి ఒంట్లోనూ, వాటి నుంచి పుట్టిన బొగ్గు, చమురుల్లోనూ కార్బన్-13 తక్కువగా ఉంటుంది. కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్నందువల్ల బొగ్గులో, చమురులో కార్బన్-14 మిగలదు. ఇప్పుడు గాలిని చూస్తే, కార్బన్-13 వాటా పడిపోతూ ఉంది. దీన్నిబట్టి పెరిగిన కార్బన్ అగ్నిపర్వతాలదో సముద్రానిదో కాదని, మొక్కల నుంచి వచ్చినదని తెలుస్తుంది. అయితే అది నరికిన అడవులది కావచ్చు కదా? ఆ అనుమానాన్ని కార్బన్-14 తీరుస్తుంది: నేటి చెట్లలో అది ఉంటుంది, బొగ్గులో ఉండదు. హాన్స్ సూయెస్ 1955లో చెట్ల వలయాలను పరీక్షించి, ఇటీవలి కలపలో కార్బన్-14 పలచబడిందని, పాత కార్బన్ గాలిలో కలుస్తున్నదని చూపించాడు. ఆ తర్వాత వాతావరణంలో జరిపిన అణుపరీక్షలు కార్బన్-14ను విపరీతంగా పెంచి కొంతకాలం ఈ లెక్కను గజిబిజి చేశాయి గానీ, దిశ మాత్రం మారలేదు. దహనానికి ఆక్సిజన్ కావాలి కాబట్టి గాలిలో ఆక్సిజన్ కూడా అతిస్వల్పంగా తగ్గుతూ ఉండాలి. చార్లెస్ కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివరి నుంచి కొలుస్తున్నాడు, తగ్గుతూనే ఉంది.

మంచుయుగాల వాదన దీని పక్కనే నడుస్తుంది. అంటార్కిటికా మంచులో ముందు వేడి పెరిగి, కొన్ని వందల ఏళ్ల తర్వాత కార్బన్ డయాక్సైడ్ పెరిగినట్టు కనిపించిందని, కాబట్టి కార్యమేదో కారణమేదో తారుమారు చేశారని అంటారు. ఆ ఆలస్యాన్ని కనిపెట్టి ప్రకటించింది కూడా వాతావరణ శాస్త్రవేత్తలే. భూమి కక్ష్యలో వచ్చే నెమ్మది మార్పులు మొదట కాస్త వేడిని పెంచుతాయి, వేడెక్కిన సముద్రం వాయువును వదులుతుంది, ఆ వాయువు మిగతా భూమిని మరింత వేడెక్కిస్తుంది. ఒకదాన్నొకటి పెంచుకునే ఈ వరుసలో 'ముందు వచ్చింది కాబట్టి అదొక్కటే కారణం' అన్న తర్కం కుదరదు. పైగా ఈసారి వాయువు సముద్రం నుంచి రాలేదని పైన చూశాం.

సూర్యుడి మీద అనుమానం అన్నిటికంటే సహజమైనది, అందుకే దాన్ని అందరికంటే ఎక్కువగా పరీక్షించారు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వెలుగును కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో అది సుమారు వెయ్యో వంతు మేర హెచ్చుతగ్గులవుతుంది తప్ప, భూమి శరవేగంగా వేడెక్కిన ఈ దశాబ్దాల్లో పైకి పోయిన జాడ లేదు. ఇంకో తిరుగులేని సంగతి ఉంది: సూర్యుడే కారణమైతే గాలిపొరలన్నీ వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కిందిపొర వేడెక్కి, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలి. స్యూకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే కంప్యూటర్ లెక్కతో ఈ మాట చెప్పారు. ఆ తర్వాతి దశాబ్దాల కొలతల్లో జరిగిందదే. ఓజోన్ తగ్గుదల కూడా అందుకు కొంత తోడైంది గానీ, ఓజోన్ ప్రభావం తక్కువగా ఉండే పైఎత్తుల్లో చల్లబడటం మరింత స్పష్టంగా ఉంది. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

సూర్యుడి వెలుగు కాకపోతే సూర్యుడి అయస్కాంత ప్రభావం సంగతేమిటి అన్నది తర్వాతి వాదన. ఇది మన దేశంలో చాలా గౌరవనీయమైన నోటి నుంచి వచ్చింది. ఇస్రో మాజీ అధ్యక్షుడు, ఆర్యభట్ట ఉపగ్రహ నిర్మాణానికి నాయకత్వం వహించిన యు. ఆర్. రావు, యౌవనంలో విక్రమ్ సారాభాయ్ దగ్గర విశ్వకిరణాల మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఆయన 2011లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. సూర్యుడి అయస్కాంత శక్తి పెరగడంతో గత 150 ఏళ్లలో భూమికి చేరే విశ్వకిరణాలు తగ్గాయని, అవి తగ్గితే కింది మేఘాలు తగ్గుతాయని, దానివల్ల పెరిగే వేడి చదరపు మీటరుకు 1.1 వాట్లని, అది కార్బన్ డయాక్సైడ్ ప్రభావంలో సుమారు 60 శాతమని ఆయన లెక్క. గమనించవలసిందేమంటే, కార్బన్ డయాక్సైడ్ పాత్రను ఆయన కొట్టిపారేయలేదు. మరో భాగస్వామిని చేర్చారంతే. అప్పట్లో ఈ వ్యాసాన్ని 'భూతాపం బూటకం' అన్నట్టుగా వాడుకున్నవాళ్లకు ఆ తేడా పట్టలేదు.

ఈ వాదన నిలబడిందా? 1950ల నుంచి విశ్వకిరణాలను నేల మీది పరికరాలతో సూటిగా కొలుస్తున్నారు. అవి పదకొండేళ్ల చక్రంతో హెచ్చుతగ్గులవుతున్నాయి తప్ప, 1970ల తర్వాతి వేడికి సరిపడేలా తగ్గుతూ పోలేదు. పైగా 2009లో సూర్యుడు బాగా మందగించినప్పుడు విశ్వకిరణాలు అంతరిక్షయుగంలోనే గరిష్ఠానికి చేరాయి. రావుగారి లెక్క ప్రకారం భూమి చల్లబడాలి, కానీ 2010 అప్పటికి రికార్డుల్లోని అత్యంత వేడి సంవత్సరాల సరసన చేరింది. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో 'క్లౌడ్' పేరిట ప్రత్యేకంగా ఒక పెద్ద గది కట్టి పరీక్షిస్తే, విశ్వకిరణాలు అతిసూక్ష్మ కణాలు పుట్టడానికి తోడ్పడతాయని తేలింది, కానీ మేఘాలను మార్చగల స్థాయిలో ఆ ప్రభావం చాలా బలహీనమని కూడా తేలింది. ఇది పరీక్షించదగ్గ ఆలోచనే, పరీక్షలో నెగ్గలేదు.

ఉపగ్రహాలు వేడిని చూపించడం లేదన్న వాదన 1990లలో బలంగా ఉండేది. అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీల లెక్కలు దానికి ఆధారం. ఉపగ్రహాలు కక్ష్యలో కొద్దికొద్దిగా దిగజారడాన్ని లెక్కలో తీసుకోలేదని 1998లోనూ, రోజులో కొలిచే వేళ మారిపోవడాన్ని సరిదిద్దడంలో తప్పు జరిగిందని 2005లోనూ ఇతరులు చూపించారు. నేడు వాళ్ల సొంత లెక్క కూడా వేడెక్కుతున్నట్టే చూపిస్తుంది. నేలమీది కొలతలను నమ్మని భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ సొంతంగా బృందం కట్టి మళ్లీ లెక్కించి, వేడి నిజమేనని, కారణం దాదాపు పూర్తిగా మనుషులేనని 2012లో బహిరంగంగా ఒప్పుకున్నాడు.

ఇక రెంటచింతల, రామగుండం సంగతి. ఒక ఊరి ఎండలతో భూతాపం రుజువూ కాదు, అబద్ధమూ కాదు. మన దేశం సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో చెప్పింది. ప్రపంచ సగటుకంటే ఇది తక్కువ. ఇదే సందేహానికి ఆజ్యం పోస్తుంది. మన దగ్గర పెరుగుదల తక్కువగా ఉండటానికి కారణాలుగా చెప్పేవాటిలో మన గాలిలోని దుమ్ము, పొగ, గంధకపు కణాలు సూర్యకాంతిని అడ్డుకోవడం ఒకటి, కోట్ల ఎకరాలకు పారిస్తున్న సాగునీరు ఆవిరై గాలిని చల్లబరచడం మరొకటి. హిందూ మహాసముద్రం మీద పరచుకున్న గోధుమరంగు పొగతెరను వాతావరణ శాస్త్రవేత్త వి. రామనాథన్ బృందం 1999లో విమానాలతో, నౌకలతో కొలిచింది. మనకు దక్కిన ఈ కొద్దిపాటి చల్లదనంలో కొంత భాగం మన ఊపిరితిత్తులు చెల్లించిన ధరకే వచ్చింది.

సందేహాలన్నీ ఇలా నిజాయితీగా పుట్టినవి కావన్నది కూడా చెప్పుకోవాలి. అమెరికన్ చమురు సంస్థ ఎక్సాన్‌లో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1977లోనే యాజమాన్యానికి ఈ ముప్పును వివరించాడు. ఆ సంస్థ శాస్త్రవేత్తలు అప్పట్లో వేసిన అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశీలన తేల్చింది. లోపల ఇది తెలిసి ఉండగానే, బయట మాత్రం ఏళ్ల తరబడి 'ఇంకా తేలలేదు' అన్న ప్రచారం నడిచింది. అలాగని ప్రతి సందేహవాదినీ చమురు కంపెనీ మనిషి అనడం అన్యాయం. అటువైపు నుంచీ పొరపాట్లు జరిగాయి: హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి మాయమైపోవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో రాసిన వాక్యానికి ఆధారం లేదని తేలి, 2010 జనవరిలో ఆ సంస్థ విచారం వ్యక్తం చేయవలసి వచ్చింది. ఆ వాక్యం మీద మన దేశం నుంచి లేచిన అభ్యంతరం సరైనదే. కానీ హిమానీనదాలు ఎప్పటికి కరుగుతాయన్న లెక్క తప్పయినంత మాత్రాన, గాలిలోని కార్బన్-14 లెక్క తప్పు కాదు.

మరి నిజంగా తేలనిది ఏది? ఎంత అన్నది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే, మరేదీ మారకపోతే, భూమి ఒక డిగ్రీకి కాస్త పైన వేడెక్కుతుందని రిచర్డ్ లిండ్జెన్ వంటి పేరున్న సందేహవాది కూడా కాదనడు. మిగతాదంతా ఆ వేడికి భూమి ఎలా స్పందిస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. వేడెక్కిన గాలి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది, ఆ ఆవిరి మళ్లీ వేడిని పెంచుతుంది. మంచు కరిగితే నేల ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది. మేఘాలు మాత్రం ఇటో అటో తేల్చుకోనివ్వలేదు. కింది మేఘాలు ఎండను వెనక్కి కొట్టి చల్లబరుస్తాయి, పైనున్న పలుచటి మేఘాలు వేడిని పట్టి ఉంచుతాయి. వేడి పెరిగితే పైమేఘాలు కుంచించుకుపోయి భూమి తనను తాను చల్లబరచుకుంటుందని లిండ్జెన్ 2001లో వాదించాడు. తర్వాతి పరిశీలనలు దాన్ని ఆయన ఆశించినంత బలంగా సమర్థించలేదు. జూల్ చార్నీ బృందం 1979లో రెట్టింపు ప్రభావం ఒకటిన్నర నుంచి నాలుగున్నర డిగ్రీలని అంచనా వేసింది. నలభై ఏళ్లకు పైగా పనిచేశాక 2021లో ఐపీసీసీ దాన్ని రెండున్నర నుంచి నాలుగు డిగ్రీల మధ్యకు కుదించగలిగింది. ఈ విషయంలో శాస్త్రం నెమ్మదిగా నడిచిందనక తప్పదు.

2023లో ఉష్ణోగ్రతలు నిపుణులు అనుకున్నదానికంటే ఎక్కువగా ఎగిసినప్పుడు ఈ మేఘాల ప్రశ్నే మళ్లీ ముందుకొచ్చింది. 2020 నుంచి నౌకల ఇంధనంలో గంధకాన్ని తగ్గించడంతో సముద్రం మీది ప్రకాశవంతమైన మేఘాలు తగ్గి ఎండ ఎక్కువగా పడుతున్నదా, లేక వేడికే మేఘాలు పలచబడుతున్నాయా అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదన నడుస్తున్నది. ఐరోపా, జపాన్ అంతరిక్ష సంస్థలు కలిసి 2024 మే నెలలో పంపిన ఎర్త్‌కేర్ ఉపగ్రహం మేఘాలనూ, గాలిలోని ధూళికణాలనూ నిలువుగా కోసినట్టు పొరలుపొరలుగా కొలుస్తున్నది. మొదటిదే నిజమైతే ఆ పెరుగుదల కొంతవరకు ఒక్కసారి వచ్చి ఆగేది; రెండోదే నిజమైతే రెండున్నర, నాలుగు డిగ్రీల మధ్య మనం ఉండబోయేది పైఅంచు వైపు.